వంత పాడినోళ్ల పేర్లు

సిరికొండలో ఒకప్పుడు ఊరూరా తిరిగి పాడిన పాటల బృందం ఒకటుండేది. దాని మీద చిన్న సంచిక వేయాలని ఊరి యువకులు పూనుకున్నారు. ముందు సగం జననాట్యమండలి లాంటి పెద్ద సంస్థల చరిత్ర, వెనుక సగం ఊరి బృందం ముచ్చట. రాసినాయన ఆ బృందంలో డప్పు కొట్టిన మనిషి, రిటైరైన తెలుగు పండితుడు. అచ్చుకు పోయే ముందు ఒకసారి చూసిపెట్టమని ఆ కాయితాలను నిజామాబాద్‌లో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసే మేనకోడలి చేతిలో పెట్టాడు. ఆమె వాటినిండా పెన్సిల్ గీతలు గీసి తీసుకొచ్చింది. ఆ తర్వాత ఇద్దరి మధ్య నడిచిన వాదం ఇది. నేను వింటూ కూర్చున్నాను. నా మొగ్గు కోడలి వైపే. అయితే మామ అన్నవాటిలో పక్కన పెట్టేయలేనివి ఉన్నాయి. వాటిని చిన్నబుచ్చకుండా రాయాలన్నదే నా ప్రయత్నం.

మామ: ఏంది బిడ్డా ఇది? పదో తరగతి పేపరు దిద్దినట్టు దిద్దినవు. మొదటి వాక్యానికే మూడు గీతలు!

కోడలు: ఆ మొదటి వాక్యం ఒకసారి చదువు మామా.

మామ: ‘1972లో గద్దర్ పీపుల్స్‌వార్ సాంస్కృతిక విభాగంగా జననాట్యమండలిని స్థాపించాడు.’ ఇండ్ల తప్పేమున్నది? పేపర్లన్నీ గదే రాస్తయి. మీ పేపరు సుత.

కోడలు: మా పేపరు రాసినా తప్పు తప్పే. పీపుల్స్‌వార్ పుట్టింది 1980 ఏప్రిల్ 22న. కొండపల్లి సీతారామయ్య ఆ పార్టీ పెట్టేనాటికి జననాట్యమండలికి ఎనిమిదేండ్లు నిండినయి. లేని పార్టీకి విభాగం ఎట్లుంటది?

మామ: తర్వాతనన్న అయింది గద. చదివేటోనికి జల్ది అర్థం కావాలని ఒక్క ముక్కల చెప్పిన.

కోడలు: ఆ ఒక్క ముక్కల ఎనిమిదేండ్లు మునిగిపోయినయి. ఆ ఎనిమిదేండ్లల్ల ఏమున్నదో చూడు. హైదరాబాద్‌ల బి. నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ సంఘం నుంచి మండలి తయారైన కథ ఉన్నది. బుర్రకథలు చెప్పుకునే గుమ్మడి విఠల్‌రావు అందులకు వచ్చి గద్దర్ అయ్యుడు ఉన్నది. ఎమర్జెన్సీ ఉన్నది. వీటన్నిటి నెత్తిన పీపుల్స్‌వార్ బోర్డు తగిలిస్తే చదివేటోడు ఏమనుకుంటడు? పార్టీ హుకుం ఇచ్చింది, పాట పుట్టింది అనుకుంటడు.

మామ: రాజకీయాలు లేకుంటే ఆ పాట లేదు బిడ్డా. శ్రీకాకుళం రైతాంగ పోరాటం నడిచింది. 70 జులై 4న విప్లవ రచయితల సంఘం, విరసం పుట్టింది. ఆ వేడి తగలకుండనే ఆర్ట్ లవర్స్ పోయి జననాట్యమండలి అయిందంటవా?

కోడలు: అనను. ఆ వేడి గురించి ఒక పేజీ రాయి, నేను గీత పెట్టను. 80ల పుట్టిన పేరును తీస్కపోయి 72ల పెట్టకు, నేననేది అంతే.

మామ: సరే, అది మారుస్త. ‘స్థాపించాడు’ కింద గీత దేనికి?

కోడలు: 2020 ఆగస్టు 4న వంగపండు ప్రసాదరావు పోయిండు. ఆనాడు పేపర్లు ఆయన్ను జననాట్యమండలి వ్యవస్థాపకుల్ల ఒకరన్నయి. 2023 ఆగస్టు 6న గద్దర్ పోయిండు, ఆయన్నూ వ్యవస్థాపకుడన్నయి. నర్సింగరావు గురించి రాసేటోళ్లు ఆర్ట్ లవర్స్ కాన్నుంచి మొదలుపెడుతరు. వీళ్లల్ల ఎవరిది అబద్ధం?

మామ: ఎవరిదీ అబద్ధం కాదు. ముగ్గురూ నిజమే.

కోడలు: మరి నీ వాక్యంల ఒక్కరే ఎందుకున్నరు?

మామ: ఎందుకంటే నేను చూసిన కాబట్టి! 1990 ఫిబ్రవరి 20న నిజాం కాలేజీ గ్రౌండుకు పోయినోణ్ని నేను. ఏండ్లకేండ్లు అజ్ఞాతంల ఉండి బయటికొచ్చినంక పెట్టిన సభ అది. నిలబడ జాగ లేదు. నేనున్న కాడికి గొంగడి తప్ప మొఖం సుత కనబడలే. అయినా గొంతు లేవంగనే నా పక్కన ఎన్నడూ సూడని మనిషి నా భుజం పట్టుకొని ఏడ్చిండు. యే ఊరాయన అని నేను అడగలే, ఆయన చెప్పలే. నువ్వప్పటికి పుట్టలేదు. అసుంటి మనిషిని ‘ముగ్గురిలో ఒకరు’ అని రాయమంటవా?

కోడలు: ముందు నిలబడ్డ మనిషి అని రాయి. ఒక్కడే నిలబడ్డడని రాయకు. నర్సింగరావును, వంగపండును పక్కన పెట్టి చూస్తే గద్దరన్న ఏం తక్కువైతడు మామా? వాళ్లందరి నడుమ నిలబడ్డడు కాబట్టే అంత గొంతు లేచింది.

మామ: మాటలు బాగనే నేర్సినవు. రెండో పేజీకి రా. ‘గద్దర్ రాసిన బండెనక బండి కట్టి’. దీనికి గీత కాదు, సున్న పెట్టినవు.

కోడలు: అది బండి యాదగిరి పాట. నైజాం మీద సాయుధ పోరాటం నడిచిన రోజులది. గద్దర్ పుట్టింది 1949 అని ఎక్కువమంది అంటరు. ఆ లెక్కన ఆ పోరాటం లేచేనాటికి ఆయన ఇంక పుట్టనేలేదు. మా భూమి సినిమాల ఆయన పాడుకుంట తెర మీద కనబడ్డడు, పాట ఆయనదైపోయింది.

మామ: యాదగిరి పాటని నాకు తెల్వక రాసిన్ననుకున్నవా? తెలిసే రాసిన. పాట పుట్టించినోనిది ఎంతనో బతికించినోనిదీ అంతే. 48ల పోలీస్ యాక్షన్ అయినంక ముప్పై యేండ్లు ఆ పాటను ఎవలు పట్టుకున్నరు? ముసలోళ్ల నోట్ల మిగిలింది. సినిమాల పాడినంకనే గదా మళ్ల ఊర్లల్ల లేచింది? తెలంగాణ ఉద్యమంల ప్రతి సభ మీద పాడిన్రంటే అది ఎవరి పున్నెం?

కోడలు: ఆ మాట రాయి! ‘బతికించిండు’ అని రాయి. అది గద్దరన్నకు ఇంకా పెద్ద గౌరవం. ‘రాసిండు’ అన్నకాడ మాత్రం యాదగిరి పేరే ఉండాలె. అదొక్కటే కాదు, గూడ అంజయ్య సంగతి చూడు. ఊరు మనదిరా పాట ఆయనది. 2016 జూన్ల ఆయన పోయిండు. మన బడి పిల్లలను అడిగి చూడు, ఆ పాట ఎవరిదంటరో. తెలిసిన పేరు ఒక్కటే ఉంటే అన్ని పాటలు ఆ పేరు కిందికే చేరుతయి.

మామ: మరి సినిమా పేరు కింద ప్రశ్న గుర్తు?

కోడలు: ఒక పేజీల ‘1947 మా భూమి’, ఇంకో పేజీల ‘1979 మా భూమి’ అని ఉన్నది. రెండూ వేరే వేరే అని ఎక్కడా చెప్పలే. 47ది నాటకం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన్రు, 1943ల పుట్టిన ప్రజానాట్యమండలి ఆడింది. సినిమా గౌతమ్ ఘోష్ తీసింది, దానికి మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. నువ్వు రాసింది చదివితే ప్రజానాట్యమండలి నాటకాన్నే జననాట్యమండలి సినిమా తీసినట్టున్నది. సినిమాకు సుత కొందరు 79 అంటరు, కొందరు 80 అంటరు. సెన్సార్ అయిన తేదీ వేరే ఉంటది, థియేటర్‌కు వచ్చిన తేదీ వేరే ఉంటది. ఏది రాస్తున్నవో చెప్పి రాయి.

మామ: మంచిది. ఇగ నా మాట విను. నువ్వు అడ్డం రాకు జర సేపు.

ఇక్కడి నుంచి మామ స్వరం మారింది. ఆయన అసలు అభ్యంతరం ఇదే, తక్కినవి దీని చుట్టూ తిరిగినవే.

మామ: నువ్వు ప్రతి పాటకు పేరు, ప్రతి పేరుకు తేది కావాలంటున్నవు. మేము పేర్లు దాచుకొని బతికినోళ్లం. 1974ల సికింద్రాబాద్ కుట్ర కేసు పెట్టిన్రు. కవిత్వం రాసుడే కుట్ర అన్నరు. కేవీఆర్, వరవరరావు, త్రిపురనేని మధుసూదనరావు, చెరబండరాజు... అందరినీ ముద్దాయిలను చేసిన్రు. ఎప్పుడు కొట్టేసిన్రు ఆ కేసు? 1989ల. పదిహేనేండ్లు! చెరబండరాజు 1982లనే పోయిండు. నిర్దోషివి అన్న మాట చెవిన పడకుండనే పోయిండు. అసుంటి కాలంల పాట కింద ఎవడన్న పేరు రాసుకుంటడా? మా ఊరి బృందంల సుత పాట కట్టినోడు ఒకడు, సవరించినోడు ఇంకోడు, బాణీ మా అవ్వలు నాట్లేసేటప్పుడు పాడుకున్నది. మాదంటే అందరిది. అది చేతగానితనం కాదు, అది మా నీతి. నువ్వు ఇయ్యాల పెన్సిల్ పట్టుకొని ‘ఎవరు రాసిన్రు? ఎప్పుడు రాసిన్రు?’ అంటే నాకు ఠాణాల కూసున్నట్టనిపిస్తది.

కోడలు: ఆ మాట మనసుకు తగిలింది మామా. నేను ఎదురు చెప్తున్ననని అనుకోకు. ఒక ముచ్చట చెప్త, విను. అమెరికాల చార్ల్‌స్టన్ అని ఒక ఊరు. అక్కడ సిగార్ ఫ్యాక్టరీల 1945 అక్టోబర్‌ల సమ్మె కట్టిన్రు. ఎక్కువ మంది నల్లజాతి ఆడోళ్లు. పొగాకు పనే, మన దిక్కు బీడీలు చేసే అక్కల అసుంటోళ్లే. పొద్దు గూకినంక పికెటింగ్ ముగిసేటప్పుడు లూసిల్ సిమన్స్ అనే ఆమె ఒక పాత చర్చి పాటను మెల్లగ సాగదీసి పాడేది. ఆ పాటను జిల్ఫియా హోర్టన్ అనే టీచరమ్మ నేర్చుకున్నది. ఆమె కాడ పీట్ సీగర్ నేర్చుకున్నడు. అదే ప్రపంచమంత పాడిన వి షల్ ఓవర్‌కమ్. మన బడిల హిందీల పాడిస్తరు చూడు, ఆ పాటనే. 1960 దశకంల దానికి కాపీరైట్ రాయించిన్రు. నాలుగు పేర్లు ఎక్కినయి. లూసిల్ సిమన్స్ పేరు లేదు.

మామ: పైసలకు ఆశపడ్డరా?

కోడలు: లేదు. ఆ పైసలు ఉద్యమాల నిధికే పోయినయి. సీగర్ ఎక్కడ పాడినా ఆ పాట ఏ సమ్మె కాన్నుంచి వచ్చిందో చెప్పేటోడు. ఆ నలుగురు మంచోళ్లే, ప్రజల మనుషులే. అయినా కాయితం మీద ఆమె పేరు పడలే. 2018ల కోర్టు గొడవ ముగిసి పాట అందరిదైంది. లూసిల్ పేరు మాత్రం వెతికి వెతికి చెప్పాల్సి వస్తున్నది. మీరు పేరు ఖాళీగ విడిచిపెట్టిన్రు, మీ నీతికి దండం పెడుత. కానీ ఖాళీ ఖాళీగ ఉండదు మామా. సెల్‌ఫోన్ల పాట ఎక్కించేటోనికి ఒక పేరు కావాలె, వానికి తెలిసిన పెద్ద పేరు పెడుతడు. మీరు ‘అందరిది’ అన్నది ఇయ్యాల ‘ఒక్కనిది’ అయి కూసున్నది. మీ నీతిని కాపాడాలంటే సుత ఇప్పుడు పేర్లు రాయాల్సిందే.

మామ: దాచిన పేర్లను బయటపెడుతవా మరి?

కోడలు: మనిషి వద్దంటే పెట్టను. కొందరు ఇప్పటికీ మారు పేరుతోనే ఉండాలనుకుంటరు. మారు పేరునే రాస్త, అది మారు పేరని సుత రాయను. బాణీ అవ్వలది అన్నవు చూడు, దాన్ని మాత్రం విడువ. పాట కింద ‘బాణీ: నాట్ల పాట, సిరికొండ’ అని ఉండాలె. ఇప్పటిదాక ఏ పుస్తకంల సుత మీ అవ్వలకు ఆ ఒక్క లైను రాలే.

మామ: రేపు నువ్వు పోలీసుల రికార్డులు తీసి వాటిని బట్టి మా చరిత్ర రాస్తవు, నాకు ఎరుక.

కోడలు: దొరికితే తప్పకుండ చూస్త.

మామ: సూసినవా! కవిత్వాన్ని కుట్ర అని రాసినోళ్ల కాయితం సత్తెం, నా నోటి మాట అబద్ధం!

కోడలు: రెండిట్ల ఏ ఒక్కటీ పూర్తి సత్తెం కాదు. ‘ఫలానోడు కుట్ర చేసిండు’ అని వాళ్లు రాస్తే నమ్మ. కోర్టే నమ్మలే. కానీ సోదాల దొరికినవాటిని పంచనామాల రాసుకుంటరు గద. ‘ఎర్ర అట్ట పాటల పుస్తకం ఒకటి’ అని ఆ తారీఖున రాసి ఉంటే ఆ పుస్తకం ఆ తారీఖుకు ముందే అచ్చయిందని తేలుతది. రాసినోని ఉద్దేశం ఏదైనా కావచ్చు, ఆ ఒక్క ముక్క పనికొస్తది. దుష్మన్ రాసిన కాయితంల సుత నాకు కావాల్సింది తీసుకుంట. దోస్తు చెప్పిన మాటల సుత తేదీ తప్పయితే విడిచిపెడుత.

మామ: దోస్తు అంటే నేనే గద. చెప్పు, నా తేదీలు ఏవి తప్పు?

కోడలు: ఈ ఫోటో. కింద ‘1976, ఎమర్జెన్సీ రోజుల్లో మన బృందం’ అని రాసినవు. ఫోటో దగ్గర పట్టుకొని చూడు. నడుమ నువ్వు, డప్పు. ఎడమ దిక్కు గోడ మీద సున్నంతో ఏం గీసి ఉన్నది?

మామ: సైకిలు.

కోడలు: సైకిల్ గుర్తు, కింద సగం చెరిగిన అక్షరాలు. తెలుగుదేశం పుట్టిందే 1982 మార్చి 29న. 83 జనవరి ఎన్నికలకు ఊరూర ఆ గుర్తు గీసిన్రు. ఇగ మీ వెనక బ్యానర్ చూడు, ‘సిరికొండ మండలం’ అని ఉన్నది. మండలాలు వచ్చింది 1985ల. అంటే ఈ ఫోటో 85 తర్వాతది.

మామ: అంటే ఎమర్జెన్సీల మేము పాడలేదంటవా? రాత్రి పూట దీపం ఆర్పి, డప్పును గోనెపట్టల చుట్టి పట్టుకపోయిన. చప్పుడు రావద్దని తొడ మీద దరువేసుకొని పాడినం. నా తొడకు ఎరుక, నీ సైకిల్‌కు ఎరుకనా? ఆ దినాలల్ల ఫోటో దిగే పిచ్చోడు ఎవడు? కెమెరా చూస్తేనే భయమయ్యేది!

కోడలు: ఆగు మామా! ఇప్పుడు నువ్వన్నదే నాకు కావాల్సింది. ‘ఫోటో దిగే పిచ్చోడు ఎవడు’ అన్నవు. ఎమర్జెన్సీ అయితే ఈ ఫోటోనే ఉండదు. ఫోటో తేదీ మారుద్దాం. దాని పక్కన తొడ మీద దరువు సంగతి నీ మాటలల్లనే రాద్దాం. ఆ రోజులకు ఫోటో ఎందుకు లేదో అదే చెప్తది. ఇప్పుడున్న శీర్షికను తెలిసినోడు ఒక్కడు పట్టుకున్నడంటే, తొడ మీద దరువు సుత కట్టు కథ అంటడు.

ఈ మాటకు మామ ఫోటో కిందికి పెట్టి చాలాసేపు దాన్నే చూశాడు. అబద్ధమాడే మనిషి కాదాయన. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోటోకు, మనసులో ఉన్న అన్నిటికంటే గట్టి రోజులను తగిలించాడు, అంతే. పాత బృందాల చరిత్రల్లో వచ్చే తప్పుల్లో చాలామటుకు ఈ తీరువే. దురుద్దేశం ఉండదు. ప్రేమ ఉంటుంది, ఆధారం ఒక్కటే ఉంటుంది, ఆ ఒక్కదానికే అన్నీ అతుక్కుంటాయి. అందుకే తప్పు పట్టేటప్పుడు కోడలు చూపినంత ఓపిక కావాలి.

కోడలు: ఇంకోటి. బోధన్ శక్కర్ ఫ్యాక్టరీ గేటు ముందు పాడినం, మే నెల ఎండ అని రాసినవు. అదే పేరాల, చెరుకు బండ్లు బారు కట్టి నిలబడ్డయి, బండ్లోళ్లు దిగి వంత పాడిన్రు అన్నవు.

మామ: నిలబడ్డయి మరి. ఎడ్లను విప్పి చక్రాలకు కట్టేసిన్రు. చెరుకు ఆకు వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతది. ఒక బండాయన చెరుకు గడ ఇరిచి నా చేతుల పెట్టిండు.

కోడలు: చెరుకు ఆడేది చలికాలం మామా. మే నెలల బండ్లు ఎందుకుంటయి?

మామ: ...మేడే అనుకున్న. కార్మికుల సభ అంటే మేడేనే గద అని.

కోడలు: బండ్లు నువ్వు కండ్లతో చూసినవు, అవి నమ్ముత. మే నెల నువ్వు తర్వాత తలంపుల చేర్చినవు, అది నమ్మ. మనిషి యాదిల వాసన, చేతిల పెట్టిన గడ నిలుస్తయి, తారీఖు నిలవది. సంక్రాంతి అటోఇటో అయ్యుంటది. గొంగడి కప్పుకున్నరా ఆ రోజు?

మామ: కప్పుకున్నం! పొద్దుగాలనే ఎల్లినం, బస్సు కిటికీ మూయరాలే. ఔ, చలికాలమే.

కోడలు: సూసినవా, నువ్వే చెప్పినవు. ‘చెరుకు ఆడే కాలంల’ అని రాద్దాం. యేడు తెలిసినప్పుడు యేడు పెడుదాం. 2015 డిసెంబర్‌ల ఆ ఫ్యాక్టరీ మూసిన్రు. ఆ గేటు ముందు బండ్లు బారు కట్టుడు ఎట్లుండేదో ఇప్పటి పిల్లలకు తెల్వది. నీ పేరా వాళ్లకు అందుకే ముఖ్యం. కామారెడ్డిల తెలంగాణ కోసం పెట్టిన ధూంధాం పాటల సభ పేరాకు నేను టిక్కు పెట్టిన, చూసినవా? 2002 సెప్టెంబర్ 30, సరిగ్గ ఉన్నది. ‘మన జిల్లా’ అన్నకాడ ‘అప్పటి మన జిల్లా’ అని చేర్చిన. 2016 అక్టోబర్ 11 నుంచి కామారెడ్డి వేరే జిల్లా.

మామ: టిక్కు పెట్టినందుకు సంతోషం. కానీ ఒకటి అడుగుత, జవాబు చెప్పు. నీ పద్ధతికి కాయితం కావాలె, ఫోటో కావాలె, గోడ మీద గుర్తు కావాలె. ఇవేవీ లేనోళ్ల సంగతేంది? మన జిల్లాల చిందు భాగోతం ఆడిన చిందుల ఎల్లమ్మనే తీసుకో. 2005ల పోయింది. వేషం కట్టి నిలబడితే ఎదురుగ దేవతనే నిలబడ్డదని జనం మొక్కిన్రు. ఆమె పుట్టిన తారీఖు ఎవలు రాసిపెట్టిన్రు? ఆ మేళాలకు రిజిష్టర్ ఉన్నదా, కరపత్రం ఉన్నదా? గద్దరన్న పోయిననాడే టీవీలల్ల ఒకల్లు 74 ఏండ్లన్నరు, ఇంకొకల్లు 77 అన్నరు. అంత పేరున్నోనికే అట్లయింది. బడిల చేరేనాడు సారు అందాజుగ రాసిందే మావోళ్లందరికీ పుట్టినరోజు. నీ లెక్కన చిందోళ్లకు చరిత్రే ఉండదు.

కోడలు: ఇది గట్టి ప్రశ్న. చిందోళ్లకు కాయితం లేదు గని మిరాశి ఉన్నది గద. ఏ మేళం ఏ ఊర్లకు పోవాలె, ఏ ఊరి మాదిగవాడల ఆడాలె, ఎంత ముట్టాలె, అన్నీ తరతరాల కట్టుబాటు. ఒక మేళం వేరే మేళం ఊర్ల ఆడితే పంచాయితయ్యేది. అంటే మేళం చరిత్ర మేళం ఇంట్ల లేకున్నా, వాళ్లు ఆడిన ఊర్లల్ల ఉన్నది. ఎల్లమ్మ గురించి ఎల్లమ్మ ఇంటోళ్లను అడిగితే సరిపోదు. ఆమె ఆడిన ఊర్ల మాదిగవాడల ముసలమ్మను అడగాలె: ‘నీ లగ్గానికి ముందు వచ్చిన్రా, తర్వాత వచ్చిన్రా? జాంబ పురాణం చెప్పినప్పుడు ఎవరు ఏ వేషం?’ ఒక ఊరి మాట పక్క ఊరి మాటతోని కలుస్తదా చూడాలె. కాయితం ఉన్నోళ్లను సరిచూసుడు అల్క. లేనోళ్ల కోసం ఎక్కువ తిరగాలె. కష్టమైతదని విడిచిపెడితే, ఉన్నోళ్ల చరిత్రనే చరిత్ర అయితది.

మామ: గట్ల తిరిగేటోళ్లు ఎవరున్నరిప్పుడు?

కోడలు: మనమే తిరగాలె. నేను నీ సంచికల అన్నిటికంటే గట్టిగ గీత కొట్టిన జాగ ఇదే. చివరి పేజీ. ‘బృంద సభ్యులు’ అని తొమ్మిది పేర్లు రాసినవు. అందరూ మొగోళ్లే, అందరూ ముందు నిలబడి పాడినోళ్లే. కింద ‘మరియు ఇతరులు’ అని ఉన్నది. ఎవరు మామా ఆ ఇతరులు?

మామ: వంత పాడినోళ్లు... బీడీలు చేసే ఆడోళ్లు నలుగురైదుగురు వచ్చేటోళ్లు, చాటల ఆకు, తంబాకు పక్కన పెట్టి వచ్చి నిలబడేటోళ్లు. అన్ని సభలకు కాదు.

కోడలు: ఫోటోల అంచున ఇద్దరున్నరు, సగం తెగిపోయి కనబడుతున్నరు. ఎవరు వాళ్లు?

మామ: ఒకామె యాదికున్నది. ఇంకొకామె పేరు... ఇంటిపేరు యాదికున్నది, పేరు నోటికి వస్తలేదు. గొంతు మాత్రం గట్టిది. నేను దరువు తప్పితే నా దిక్కు చూసి నవ్వేది, గొంతు మాత్రం ఆపేది కాదు.

కోడలు: యాదగిరి పేరు పోయిందని, లూసిల్ పేరు పోయిందని ఇంతసేపు వాదించుకున్నం. మన ఊర్ల మన పక్కింటామె పేరు ‘మరియు ఇతరులు’ల పోయింది.

మామ: ...ఆ పేజీ ఆపు. అచ్చుకు ఇయ్యకు. వాళ్లల్ల ఇద్దరు బతికున్నరు, ఒకామె బీడీల పింఛన్ మీద బతుకుతున్నది. రేపు పొద్దుగాల ఇద్దరం పోదాం. నేను అన్నీ యాది చేస్త వాళ్లకు.

కోడలు: నువ్వు రావద్దు మామా.

మామ: ఏందీ?

కోడలు: నువ్వు ఎదురుంగ కూసుంటే వాళ్లు ‘సారు చెప్పిందే నిజం’ అంటరు. నువ్వు బృందానికి పెద్దవు, బడిల వాళ్ల పిల్లలకు చదువు చెప్పినోనివి. నువ్వు మేడే అంటే వాళ్లూ మేడే అంటరు. వాళ్లు తమంతట తాము చెప్పేది వినాలె నేను. మీరు ఏ పాటలు పాడిన్రు, ఎవరు కట్టిన్రు, మీకేమన్న ఇచ్చిన్రా, అన్నీ అడగాలె. నువ్వుంటే ఆఖరిది అసలే చెప్పరు.

మామ: నేను లేకుంటే నీకు తలుపే తియ్యరు. నువ్వెవరో వాళ్లకు తెల్వదు. పేపరామె వచ్చిందంటే పింఛన్ కాడ ఏమన్న తిరకాసేమో అని భయపడుతరు. పేపరోళ్లు ఇదివరకు వచ్చి ఫోటోలు తీసుకపోయి మళ్ల మొఖం చూపించలే. నీ పద్ధతి మంచిదే గని, మనిషిని ఎరుకున్నోడు లేకుండ నీ పద్ధతి గడప దాటదు.

కోడలు: అయితే తలుపు తీసేదాక రా. ‘నా కోడలు’ అని చెప్పు. చాయ్ తాగు, మంచి చెడ్డ అడుగు. తర్వాత లేచి పో.

మామ: వాళ్లు చెప్పింది నా యాదికి విరుద్ధమైతే?

కోడలు: రెండూ అచ్చేస్త. ‘సారు ఇట్ల అంటరు, ఆమె ఇట్ల అంటది’ అని పక్కపక్కన. చదివేటోడు చూసుకుంటడు.

మామ: నా సంచికల నా మాటకు పక్కన ఆమె మాటనా?

కోడలు: ఔ. ఆమె పేరుతోని.

మామ: ...పొద్దుగాల ఏడు గంటలకు పోవాలె. ఎనిమిది దాటితే చాట ముందు పెట్టుకొని కూసుంటది, మళ్ల ఎవరితోని మాట్లాడది. ఆ ఫోటో సుత పెద్దగ చేయించి పట్టుకరా, ఆమెకు చూపు తగ్గింది.